ఒకే ఇంట్లో రెండు రౌటర్లు

మా ఇంట్లో నెట్ కింది హాల్లోకి వస్తుంది. నేను పని చేసేది పైగదిలో. మధ్యలో ఉన్నది ఒక స్లాబు, రెండు గోడలు. మనిషికి పదిహేను మెట్ల దూరం, వైఫైకి మాత్రం పెద్ద కొండ. మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. కింద సోఫాలో కూర్చుని చూస్తే దాదాపు అంతా వచ్చేది. పైకి వెళ్ళేసరికి ఫోన్‌లో ఒకే ఒక్క గీత మిగిలేది, అదీ ఉండీ లేనట్టు. మీటింగ్ మధ్యలో "మీ మాట తెగిపోతోంది" అని అవతలివాళ్ళు అనడం, నేను లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగడం రోజూ జరిగే తంతు.

పైన నా డెస్క్‌టాప్ ఒకటి ఉంది. పాతది, దానికి వైఫై లేదు, వెనక కేబుల్ పెట్టుకునే పోర్ట్ మాత్రమే ఉంది. ప్రింటర్ వైఫైతో పనిచేసేది. కింద టీవీకి రెండూ ఉన్నాయి. అంటే కొన్నిటికి వైరు కావాలి, కొన్నిటికి గాలిలో కావాలి, అన్నీ ఒకే కనెక్షన్ మీద నడవాలి, ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి కూడా. ఈ ఆఖరి మాట దగ్గరే నేను నాలుగు వారాంతాలు పోగొట్టుకున్నాను.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ ముందుకు వదిలే రిపీటర్ పెట్టాను. మెట్ల మలుపులో ప్లగ్‌కి తగిలించగానే పైన గీతలు నిండుగా వచ్చాయి. సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. గీతలు ఉన్నాయి కానీ స్పీడ్ లేదు. కారణం తర్వాత అర్థమైంది. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో, ఒకే చానల్ మీద, విన్న ప్రతి ముక్కనీ మళ్ళీ తనే పలకాలి. వింటున్నంతసేపు మాట్లాడలేదు, మాట్లాడుతున్నంతసేపు వినలేదు. అందుకే వచ్చిన స్పీడ్‌లో సగానికి సగం దారిలోనే కరిగిపోతుంది. పైగా ఆ మలుపు దగ్గరికి చేరే సిగ్నలే అంతంతమాత్రం. నీరసంగా ఉన్నవాడి మాటని మైకులో వినిపించినట్టు అయింది.

దాంతో కేబుల్ లాగాలని నిర్ణయించుకున్నాను. అటక మీద ఒక పాత రౌటర్ పడి ఉంది. రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) వైఫై, గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) పోర్ట్‌లు, వయసు తప్ప లోపమేమీ లేదు. కింది రౌటర్ నుంచి కేబుల్ తెచ్చి దీనికి గుచ్చితే పైన డెస్క్‌టాప్‌కి వైరు, మిగతావాటికి వైఫై. ఆలోచన సరైనదే. దాన్ని ఎలా గుచ్చాలన్నదే నాకు తెలియలేదు.

గోడల్లో పాత టీవీ వైరు కోసం వేసిన పైపు ఖాళీగా ఉంది. కరెంటు వైర్లు వెళ్ళే పైపులోంచి మాత్రం నెట్ కేబుల్ లాగకూడదు. అంతరాయం సంగతి అటుంచి, ఏదైనా వైరు తొక్క ఊడితే ప్రమాదం. తమ్ముడు పైనుంచి, పైపులో వైరు లాగడానికి వాడే స్ప్రింగు వదిలాడు, కింద నేను కేబుల్ దానికి కట్టాను. చివర ప్లాస్టిక్ కనెక్టర్ బిగించాక కేబుల్ పైపు మలుపులో ఇరుక్కుంటుంది కాబట్టి, ముందు లాగి తర్వాత బిగించుకోవాలి. మొత్తం 18 మీటర్లు పట్టింది. ఈ రకం కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి దూరం గురించి బెంగ లేదు. కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే, లోపలి తీగ పూర్తి రాగిదై ఉండాలి. పైన రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు కూడా అదే రంగుల్లో, అదే మందంతో దొరుకుతాయి. రెండుసార్లు వంచితే పుటుక్కున విరుగుతాయి.

కనెక్టర్ బిగించడం చూడ్డానికి చాలా తేలిక. కేబుల్ తొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలు జంటలు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. మెలికలు విప్పి, వేళ్ళ మధ్య చదును చేసి వరసలో పేర్చాలి. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. చిక్కంతా ఆకుపచ్చ దగ్గరే. మిగతా జంటలన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి, ఆకుపచ్చ జంట మాత్రం విడిపోతుంది, మధ్యలోకి నీలం జంట వచ్చి చేరుతుంది. నా వేళ్ళు రెండు ఆకుపచ్చల్నీ పక్కపక్కనే పెట్టేశాయి. రెండు చివర్లా అదే తప్పు చేసి ఉంటే ఇంకా ఘోరం. అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి చిన్న టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి, "అంతా బాగుంది" అంటుంది. కానీ జంట జంటగా ఉండాల్సిన తీగలు విడిపోవడంతో లైను తప్పుల తడకగా నడుస్తుంది. అదృష్టం కొద్దీ రెండో చివర తమ్ముడు బిగించాడు, వాడు సరిగ్గానే పెట్టాడు. టెస్టర్‌లో దీపాలు వరస తప్పి వెలగడంతో నా పొరపాటు బయటపడింది. "అక్కా, నువ్వు దీపాలు చూడు చాలు, బిగించడం నేను చూసుకుంటా" అన్నాడు. ఒప్పుకున్నాను.

పాత రౌటర్ వెనక అయిదు పోర్ట్‌లు. నాలుగు పసుపు, ఒకటి నీలం. నీలం దాని మీద ఇంటర్నెట్ అని రాసి ఉంది. వచ్చేది ఇంటర్నెట్టే కదా అని కింది నుంచి వచ్చిన కేబుల్‌ని నీలంలోనే గుచ్చాను. నెట్ వచ్చింది! డెస్క్‌టాప్‌లో వచ్చింది, ఫోన్‌లో వచ్చింది, మీటింగ్ తెగలేదు. ఒక రోజంతా నేనే గొప్ప అనుకున్నాను.

మర్నాడు నాన్న కింది నుంచి పిలిచారు. "అమ్మా, ప్రింటర్ దొరకడం లేదంటోంది ఈ లాప్‌టాప్." ప్రింటర్‌ని పైగదికి మార్చి పైన వైఫైకి కలిపాను. నాన్న లాప్‌టాప్ కింది వైఫైలో ఉంది. అదే లాప్‌టాప్ పైకి తెచ్చి పైన వైఫైకి మారిస్తే ప్రింటర్ కనబడింది. కిందికి వెళ్తే మాయం. ప్రింటర్‌ని అనుమానించి దాన్ని రెండుసార్లు రీసెట్ చేశాను పాపం, దాని తప్పేమీ లేదు.

తేడా ఐపీ అడ్రస్‌లలో, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ ఉండే నంబర్లలో దొరికింది. కింద ఉన్నవాటికి 192.168.1 తో మొదలయ్యే నంబర్లు, పైన ఉన్నవాటికి 192.168.0 తో మొదలయ్యేవి. నేను ఒక నెట్‌వర్క్‌ని పొడిగించాననుకున్నాను, నిజానికి ఇంట్లో రెండోది కట్టాను. ఆ నీలం పోర్ట్‌కి అవతల ఏమున్నా అది పరాయి ప్రపంచమే అని రౌటర్ నమ్ముతుంది. తన లోపలివాళ్ళకి వేరే నంబర్లు ఇస్తుంది, బయటికి వెళ్ళే ప్రతిదాన్నీ తన ఒక్క నంబరు మీదే పంపుతుంది, బయటినుంచి తట్టినవాళ్ళకి తలుపు తీయదు. కాబట్టి పైన ఉన్నవాళ్ళు కిందికి కబురు పంపగలరు, కిందివాళ్ళు పైకి రాలేరు. ఇంటర్నెట్ చూసుకోవడానికి ఇదేమీ అడ్డు కాదు. అందుకే చాలామంది ఇలాగే వదిలేసి ఏళ్ళ తరబడి వాడుకుంటారు. ప్రింటర్, టీవీకి వీడియో పంపడం, ఒక కంప్యూటర్‌లో ఫైలు మరోదాంట్లో తెరవడం, ఇలాంటివి కావాలన్నప్పుడే గోడ తగులుతుంది.

సరే, నీలం వద్దు, పసుపులో గుచ్చితే? గుచ్చాను. ఇక్కడే అసలు తమాషా మొదలైంది.

ప్రింటర్ కనబడింది. అంతలోనే తమ్ముడి ఫోన్‌లో వైఫై కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు అని వచ్చింది. వాడు ఆఫ్ చేసి ఆన్ చేశాడు, వచ్చింది. నాన్న లాప్‌టాప్ అప్పటిదాకా బాగానే ఉంది, మూసి తెరిచాక పోయింది. మధ్యాహ్నం టీవీ పోయింది, నా డెస్క్‌టాప్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నడుస్తోంది. ఏది ఎప్పుడు పోతుందో, ఎందుకు తిరిగొస్తుందో లెక్క తేలలేదు. పూర్తిగా పాడైపోతే పాడైంది అని తెలుస్తుంది. ఇలా ఒకసారి పనిచేసి ఇంకోసారి మొరాయించేదే మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. చేశాను. మరో రెండు పరికరాలు పోయాయి.

సంగతి ఇది. వైఫైలోకైనా కేబుల్‌లోకైనా కొత్తగా ఏ పరికరం వచ్చినా ముందు కేక వేస్తుంది: "నాకు నంబరు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" ఆ కేక నెట్‌వర్క్ అంతటా వినిపిస్తుంది. నంబరు ఇచ్చి, బయటికి దారి ఎటో చెప్పే పనిని డీహెచ్‌సీపీ అంటారు. కింది రౌటర్‌లో అది ఉంది. పైదాంట్లోనూ ఉంది, నేను ఆపలేదు. ఇద్దరూ ఆ కేక వింటారు, ఇద్దరూ జవాబిస్తారు, మామూలుగా ఎవరి జవాబు ముందు అందితే దాన్నే పరికరం తీసుకుంటుంది. కింది రౌటర్ ముందు పలికితే మంచి నంబరు, మంచి దారి. పైది ముందు పలికితే 192.168.0 నంబరు ఇచ్చి "దారి నేనే" అంటుంది. దాని నీలం పోర్ట్ ఇప్పుడు ఖాళీ, దాని దగ్గర దారే లేదు. ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ మళ్ళీ చీటీ తీసినట్టే. ఒకే ఒరలో రెండు కత్తులంటే ఇదే.

అప్పుడు నాకు తట్టింది, రౌటర్ అని మనం పిలిచే ఆ పెట్టెలో ఒక్కడు లేడు, ముగ్గురున్నారు. ఒకడు బయటి దారి చూసి, నంబర్లు పంచేవాడు. వాడే అసలు రౌటర్. రెండోవాడు పసుపు పోర్ట్‌లన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపేవాడు. నెట్‌వర్క్ భాషలో వాణ్ణి స్విచ్ అంటారు, గోడ మీద ఫ్యాన్ వేసే స్విచ్‌కీ దీనికీ సంబంధం లేదు. మూడోవాడు ఆ తీగల మీద వచ్చేదాన్ని గాలిలోకి వదిలేవాడు, యాక్సెస్ పాయింట్. నాకు పైన రెండో, మూడో వాళ్ళు మాత్రమే కావాలి. మొదటివాణ్ణి పడుకోబెట్టాలి. వైర్డ్ నెట్‌వర్క్ వేరు, వైఫై నెట్‌వర్క్ వేరు, ఆ రెంటినీ కలపాలి అని నేను మొదట్నుంచీ అనుకుంటున్నది కూడా తప్పే. ఆ పెట్టె లోపల అవి పుట్టుకతోనే కలిసి ఉన్నాయి. నేను విడదీయకుండా ఉంటే చాలు.

కొత్త రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక మీట ఉంటుంది, నొక్కితే ఇదంతా అదే చేసుకుంటుంది. నా పాతదానికి ఆ భాగ్యం లేదు. దాని పాస్‌వర్డ్ కూడా నాకు గుర్తులేదు. సిమ్ ట్రే తీసే పిన్నుతో వెనక చిన్న బెజ్జంలో పది సెకన్లు నొక్కిపట్టి రీసెట్ చేశాను. కింది కేబుల్ పీకేసి, లాప్‌టాప్‌ని కేబుల్‌తో దీనికొక్కదానికే కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి లోపలికి వెళ్ళాను.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు రౌటర్ సొంత అడ్రస్ మార్చాలి. కింది రౌటర్ 192.168.1.1 కాబట్టి దీనికి 192.168.1.2 ఇచ్చాను. సేవ్ నొక్కగానే పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. చంపేశానేమో అని ఒక నిమిషం టెన్షన్. ఏమీ కాలేదు, ఇల్లు మారినవాణ్ణి పాత ఇంట్లో వెతుకుతున్నాను. కేబుల్ తీసి పెట్టి, కొత్త అడ్రస్ కొడితే పేజీ వచ్చింది. ఆ తర్వాత వైఫై పేరు, పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ అన్నీ మార్చి, పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాల్ని వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేసి, చిట్టచివర డీహెచ్‌సీపీ ఆపాను. దాన్ని ముందే ఆపేస్తే లాప్‌టాప్‌కి నంబరు ఇచ్చే దిక్కు ఉండదు. 169.254 తో మొదలయ్యే నంబరు ఒకటి తనకి తనే పెట్టుకుని కూర్చుంటుంది. ఆ నంబరు ఎక్కడ కనబడినా అర్థం ఒక్కటే, కేక వేశాను, ఎవరూ పలకలేదు అని. అలాంటప్పుడు లాప్‌టాప్‌కి చేత్తో ఒక నంబరు పెట్టుకుని లోపలికి వెళ్ళాలి. ఆ పనీ ఒకసారి చేశాను, ఎందుకో చెప్పి పరువు తీసుకోను.

కింది రౌటర్‌లోనూ ఒక మార్పు అవసరమైంది. అది 2 నుంచి 254 దాకా అన్ని నంబర్లనూ పంచుతోంది. అంటే ఏదో ఒకనాడు ఎవరి ఫోన్‌కో 192.168.1.2 ఇచ్చేసి, పై రౌటర్‌తో గొడవ పెట్టగలదు. పంచేవి 100 నుంచి 200 దాకా అని కుదించాను. ప్రింటర్‌కి దాని మెనూలోనే 192.168.1.50 స్థిరంగా పెట్టాను. అప్పుడు కింది నుంచి వచ్చిన కేబుల్‌ని పసుపు పోర్ట్‌లో గుచ్చాను. నీలం పోర్ట్ మీద ప్లాస్టర్ అతికించాను.

"ఇప్పుడైనా ప్రింట్ వస్తుందా అమ్మా?" అన్నారు నాన్న. వచ్చింది. ఆయన అడిగింది రెండు పేజీలు, వచ్చినవి పద్నాలుగు. వారం నుంచి ఆయన నొక్కినవన్నీ వరసలో ఎదురుచూస్తున్నాయి మరి.

డెస్క్‌టాప్‌లో స్పీడ్ చూశాను. 94. మళ్ళీ చూశాను. 94. ఇంకోసారి, 94. వైఫైలో అంకె ఎప్పుడూ ఊగుతుంది. ఇలా మేకు కొట్టినట్టు 94 దగ్గర ఆగితే, కేబుల్ 100 ఎంబీపీఎస్ లింకు మీద నడుస్తోందని గట్టిగా అనుమానించవచ్చు. 100 కి రెండు జంటల తీగలు చాలు, నారింజ, ఆకుపచ్చ. గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి. నీలమో గోధుమో తేడా చేస్తే చాలా పరికరాలు నోరు మెదపకుండా 100 కి దిగిపోతాయి. టెస్టర్ పెడితే ఎనిమిదో దీపం వెలగలేదు. కనెక్టర్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే, పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి కనబడింది. ఏడు తీగలూ ముందు గోడకి ఆనుకుని ఉన్నాయి, గోధుమరంగు తీగ మాత్రం బియ్యపు గింజంత వెనకబడింది. కనెక్టర్ లోపల తీగని కొరికి పట్టుకునే లోహపు పన్ను దాన్ని అందుకోలేదు. ఆ చివర బిగించింది ఎవరో గుర్తు చేసుకుంటే తమ్ముడే. ఆ ముక్క వాడికి చూపించేటప్పుడు నా మొహంలో ఏముందో నాకు తెలుసు. కోసి మళ్ళీ బిగించాక 280 పైన వచ్చింది.

వైఫై చానళ్ళ మీద అంతసేపు పట్టలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. కిందికి 1, పైకి 11 పెట్టాను. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, గోల తక్కువ, గోడలు దాటే శక్తి కూడా తక్కువే. ఇక్కడ ఆ బలహీనతే వరం, కిందిది పైదాకా రాదు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం సెక్యూరిటీ ఇచ్చాను. అప్పుడు ఫోన్ తనంతట తనే దగ్గరిదానికి మారుతుందని అంటారు. మారుతుంది, దాని ఇష్టం వచ్చినప్పుడు. ఎప్పుడు మారాలో చాలావరకు నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. నాది పైగదికి వచ్చి కూర్చున్నాక కూడా కింది వైఫైనే పట్టుకుని వేలాడేది. కింది రౌటర్‌లో 2.4 పవర్ ఒక మెట్టు తగ్గించాక దారికొచ్చింది. సిగ్నల్ బాగుండాలంటే ఒకదాని పవర్ తగ్గించాలి అంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

మూడు వారాలు హాయిగా గడిచాయి. ఒక ఆదివారం ఉన్నట్టుండి అన్నీ పోయాయి. వైఫై, టీవీ, డెస్క్‌టాప్, కింది రౌటర్ పేజీ కూడా తెరుచుకోలేదు. రెండు రౌటర్ల మీదా దీపాలన్నీ ఒకే లయలో, ఊపిరి తిప్పుకోకుండా టకటకా కొట్టుకుంటున్నాయి. రీస్టార్ట్ చేశాను, అర నిమిషం బాగుండి మళ్ళీ అదే దరువు. పిడుగు పడిందా, అడాప్టర్ పోయిందా అని గంటసేపు తంటాలు. చివరికి పై రౌటర్ కేబుళ్ళు ఒక్కోటీ పీకుతూ పోయాను. మూడోది పీకగానే దీపాలు చల్లబడ్డాయి. ఆ కేబుల్ వెంట చేత్తో తడుముకుంటూ వెళ్తే, బల్ల చుట్టూ తిరిగి వచ్చి అదే రౌటర్‌లో ఇంకో పసుపు పోర్ట్‌లో తేలింది. గది ఊడుస్తూ, కింద వేలాడుతున్న చివరను ఎవరో జాగ్రత్తగా ఖాళీ పోర్ట్‌లో పెట్టారు. అందరికీ వినిపించాల్సిన ఆ కేకలు ఉన్నాయే, అవి ఈ ఉచ్చులో పడితే తిరుగుతూనే ఉంటాయి. ఇన్ని తిరుగుళ్ళ తర్వాత ఆగిపో అని చెప్పే ఏర్పాటు ఈథర్‌నెట్‌లో, అంటే ఈ కేబుళ్ళ మీద నడిచే నెట్‌వర్క్ పద్ధతిలో లేదు. ఒక్క కేక వందలు, వేలై మొత్తం దారినే నింపేస్తుంది. పెద్ద ఆఫీసుల్లో వాడే స్విచ్‌లు ఇలాంటి ఉచ్చుని పసిగట్టి ఒక చివర మూసేస్తాయి. ఇంటి పెట్టెలకి ఆ తెలివి చాలావాటికి ఉండదు.

ఎవరు పెట్టారని నేను అడగలేదు. నాన్న మాత్రం ఆ సాయంత్రం తనంతట తనే వచ్చి, "వైరు కింద పడి ఉంటే బాగుండదని..." అన్నారు.

ఇప్పుడు ఆ కేబుల్ చివర ఎర్రటి టేపు చుట్టి ఉంది. మీటరు పెట్టె తలుపు లోపల ఒక కాగితం అతికించాను. కింది రౌటర్ 1.1, పై రౌటర్ 1.2, ప్రింటర్ 1.50, నీలం పోర్ట్ వాడొద్దు, ఎర్ర టేపు వైరు ఎక్కడా గుచ్చొద్దు. ఒక్క లోటు ఉండిపోయింది. ఫోన్‌లో మాట్లాడుతూ మెట్లెక్కితే ఏడో మెట్టు దగ్గర, ఫోన్ కింది రౌటర్‌ని వదిలి పైదాన్ని అందుకునేలోగా, రెండు సెకన్లు మాట పోతుంది. తమ్ముడు దానికీ ఏదో సెట్టింగ్ ఉందంటున్నాడు. నాన్న అంతదాకా ఆగలేదు. ఏడో మెట్టు మీద మాట ఆపి, తొమ్మిదో మెట్టు మీద మళ్ళీ అందుకుంటున్నారు.